అడిగే రేటు, తెగే రేటు: సెల్‌ఫోన్లపై పేటెంటు రాయల్టీని లెక్క కట్టడమెలా?

మిర్చి యార్డులో అడిగే ధర ఒకటి, బేరం తెగే ధర మరొకటి. కమీషను, హమాలీ పోను చేతికి వచ్చే నికరం వేరొకటి. సెల్‌ఫోను తయారీదారులు చెల్లించే పేటెంటు రాయల్టీలోనూ ఇదే తేడా ఉన్నది. ప్రకటించిన రేట్లన్నీ ఖర్చు కింద రాసుకున్నవారు సరుకు ధర పెంచి బేరం పోగొట్టుకుంటారు. రాయల్టీ ఊసే ఎత్తనివారు కొన్నేళ్లకు పాత బాకీ మీదపడి చిక్కుల్లో పడతారు.

ఈ రాయల్టీ ఎందుకు తప్పదు? ఏ కంపెనీ ఫోనైనా ఏ టవరుతోనైనా పనిచేయాలంటే అందరూ ఒకే సాంకేతిక పద్ధతిని పాటించాలి. 3జి, 4జి, 5జి అనేవి అట్టి పద్ధతులే. వాటిలో ఇమిడిన పేటెంట్లను తప్పించి ఫోను తయారుచేయడం సాధ్యం కాదు. అందుచేత న్యాయమైన, సహేతుకమైన, వివక్ష లేని షరతులపై లైసెన్సు ఇస్తామని పేటెంటుదారులు ప్రమాణాల సంస్థకు ముందుగా హామీ ఇస్తారు. అయితే ఆ హామీలో అంకె ఉండదు. చిక్కంతా అక్కడే.

ప్రకటిత రేట్లు

5జి ఫోన్లకు క్వాల్‌కామ్ నికర అమ్మకపు ధరపై 3.25 శాతం అడుగుతుందని 2017లో వెల్లడైంది. ధర ఎంత ఉన్నా 400 డాలర్ల వరకే లెక్కలోకి తీసుకుంటామని ఆ తర్వాత పరిమితి పెట్టింది. ఎరిక్సన్ 2017లో ఫోనుకు 5 డాలర్లు, చౌక రకాలకు 2.50 డాలర్ల వరకు తగ్గింపు అని ప్రకటించింది. నోకియా 2018లో 3 యూరోలు, హువావే 2021లో 2.50 డాలర్లు గరిష్ఠ పరిమితులుగా చెప్పాయి.

ఈ నాలుగింటినీ పూర్తిగా కూడితే 100 డాలర్ల ఫోనుపై భారం 11 డాలర్లు దాటుతుంది. అంటే 11 శాతం పైమాటే. 1,000 డాలర్ల ఫోనుపై అది సుమారు 24 డాలర్లు. అంటే రెండున్నర శాతానికి లోపే. ఫోనుకింత అని స్థిరంగా వేసే రేటు చౌక సరుకును ఎక్కువగా కుంగదీస్తుందని ఇందువల్ల తేలుతున్నది.

రాబడి వైపు నుంచి లెక్క

ప్రకటిత రేట్లు కూడడం ఒక పద్ధతి. ఇంటెల్ న్యాయాధికారి ఒకరు, మరో ఇద్దరు న్యాయవాదులు 2014లో ఇట్లా కూడి, 400 డాలర్ల ఫోనుపై రాయల్టీ 120 డాలర్లు దాటవచ్చునన్నారు. గాలెటోవిక్, హేబర్, జారెట్జ్‌కీ అనే పరిశోధకులు మరోవైపు నుంచి వచ్చారు. లైసెన్సుదారులకు వాస్తవంగా వచ్చిన రాబడిని కూడి, మొత్తం ఫోన్ల అమ్మకం విలువతో భాగించారు. 2016కు వచ్చిన ఫలితం సుమారు 3.4 శాతం మాత్రమే.

30 శాతం ఎక్కడ, 3.4 శాతం ఎక్కడ! తేడాకు కారణాలున్నాయి. పేటెంట్లున్న తయారీదారులు ఒకరికొకరు లైసెన్సులు ఇచ్చుకొని, తేడా సొమ్మే చెల్లిస్తారు. పెద్ద కొనుగోలుదారులు బేరమాడి తగ్గించుకుంటారు. కొందరు పేటెంటుదారులు అసలు వసూలుకే దిగరు. అయితే రెండో పద్ధతిలోనూ లోపమున్నది. చేతులు మారని సొమ్ము, అంటే లైసెన్సుల మార్పిడి విలువ, అందులో కనిపించదు. లెక్క కట్టినవారు చెల్లించే పక్షమా, పుచ్చుకునే పక్షమా అన్నది కూడా చూడాలి.

కోర్టుల తూకం

పాత ఒప్పందాలను పోల్చడం మూడో పద్ధతి. ఇంటర్‌డిజిటల్, లెనోవో వివాదంలో ఇంగ్లండు హైకోర్టు 2023 మార్చిలో ఫోనుకు 17.5 సెంట్ల చొప్పున 13.87 కోట్ల డాలర్లు ఏకమొత్తంగా నిర్ణయించింది. 2024 జులైలో అప్పీలు కోర్టు రేటును 22.5 సెంట్లకు పెంచింది. పోలికకు తీసుకున్న ఒప్పందంలో గతంలో అమ్మిన ఫోన్లకు ఇచ్చిన రాయితీని సరిచేయవలసి ఉన్నదని భావించింది. పాత సరుకును చౌకగా కలిపి సగటు తీస్తే కొత్త సరుకు రేటు కూడా తగ్గినట్లే కనిపిస్తుంది. ఏకమొత్తం ఒప్పందాలు చదివేటప్పుడు మరువరాని సంగతి ఇది.

మొత్తం భారాన్ని ముందే నిర్ణయించి, పేటెంట్ల వాటా ప్రకారం పంచడం నాలుగో పద్ధతి. టి.సి.ఎల్., ఎరిక్సన్ వ్యాజ్యంలో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు 2017లో 4జి మొత్తం భారాన్ని 6 లేదా 10 శాతంగా తీసుకొని పంపకం చేసింది. కొంత సొమ్ము విషయం జ్యూరీ తేల్చవలసినదంటూ 2019లో పైకోర్టు ఆ తీర్పును రద్దుచేసింది. పద్ధతి మాత్రం నేటికీ చర్చలో ఉన్నది.

మన దేశపు పాఠం

2015 నాటి వ్యాజ్యంలో ఎరిక్సన్‌కు లావా కంపెనీ సుమారు 244 కోట్ల రూపాయలు చెల్లించాలని ఢిల్లీ హైకోర్టు 2024 మార్చిలో తీర్పు చెప్పింది. చిప్ ధరపై కాక ఫోను నికర అమ్మకపు ధరపై 1.05 శాతం లెక్క కట్టింది. 5,000 రూపాయల ఫోనుపై ఇది 52 రూపాయల 50 పైసలు. చూడడానికి స్వల్పమే. తయారీదారుకు మిగిలేది 2 శాతమే అనుకుంటే లాభం 100 రూపాయలు. అందులో సగానికి పైగా ఒక్క పేటెంటుదారుకే పోతుంది. ఏళ్ల తరబడి పేరుకుంటే అదే కోట్లవుతుంది.

కనుక చౌక ఫోన్లకు పెట్టుబడి పెట్టేవారు, పెద్దఎత్తున సరుకు తెప్పించేవారు ముందుగా నాలుగు ప్రశ్నలు వేయాలి. ఎవరెవరి లైసెన్సులున్నాయి? రేటు శాతమా, ఫోనుకింతా? అది ఏ ధరపై? పాత అమ్మకాలకు బాకీ తీరిందా? సమాధానాలు కాగితంపై ఉంటే తెగిన రేటు తెలుస్తుంది. లేకపోతే అడిగే రేటును పై హద్దుగా ఉంచుకొని ఖాతాలో కొంత సొమ్ము పక్కన పెట్టుకోవడమే క్షేమం.