ఊరికే ఇచ్చిన ఆటలు: సందేహాలు - సమాధానాలు

పాత కంప్యూటర్ ఆటల మీద ఆ మధ్య నాలుగు మాటలు రాస్తే, అనంతపురం జిల్లా కణేకల్ వైపు నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. వాటిలో నాలుగింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: సార్, నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా. కాలువ కింద పండిన వడ్లు అమ్మి మా నాయన బళ్లారిలో సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ ఇప్పించినాడు. ర్యామ్ 4 జీబీయే. కొత్త ఆటలు తెరుచుకోను కూడా తెరుచుకోవు. స్నేహితులు పెన్‌డ్రైవ్‌లో తెచ్చేవన్నీ దొంగ కాపీలు. మనమే ఒక పాత్రగా మారి కథలో తిరిగే ఆటలు న్యాయంగా, ఊరికే దొరికేవి ఏమన్నా ఉన్నాయా?
- విద్యార్థి, కణేకల్

జవాబు: ఉన్నాయి. దొంగ కాపీలు వద్దనుకుని అడిగావు, అందుకే వివరంగా రాస్తున్నాను.

అమెరికాలో బెథెస్డా అనే కంపెనీ 1994లో ‘ది ఎల్డర్ స్క్రోల్స్: అరీనా’ తెచ్చింది. పదేళ్లు నిండిన సందర్భంగా 2004లో ఆ ఆటను ఎవరైనా ఊరికే దించుకోవచ్చని కంపెనీయే ప్రకటించింది. 1996లో వచ్చిన రెండో భాగం ‘డాగర్‌ఫాల్’ను 2009లో అలాగే ఇచ్చింది. 2022 నుంచి రెండూ స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో ఉచితంగా ఉన్నాయి. ఖాతా తెరవాలి, పైసా కట్టనక్కర్లేదు.

అరీనా వచ్చిన రోజుల్లో దానికి 4 ఎంబీ మెమరీ ఉంటే చాలు. నీ 4 జీబీ దానికి వెయ్యి రెట్లు. నీ లాప్‌టాప్‌ను తక్కువ చేసుకోకు, ఈ ఆటల ముందు అది మహారాజు. ఇవి డాస్ కాలపు ఆటలు కాబట్టి ఇప్పటి విండోస్‌లో నేరుగా నడవవు. డాస్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పాత కంప్యూటర్‌ను నీ లాప్‌టాప్ లోపలే సృష్టిస్తుంది. స్టీమ్ నుంచి దించుకుంటే అది ఆటతోపాటే వస్తుంది, వేరే తంటా లేదు.

అరీనా చెరసాలలో మొదలవుతుంది. చక్రవర్తిని మాంత్రికుడు మాయం చేశాడు, నిన్ను కొట్లో వేశాడు. చనిపోయిన ఒక మాంత్రికురాలు నీకు కనిపించి దారి చెబుతుంది. ముక్కలైన మంత్రదండం తాలూకు 8 ముక్కలు వెతకాలి. ‘పాతాళ భైరవి’ చూసి పెరిగిన మనకు ఈ కథ కొత్తేం కాదు. తేడా ఏమిటంటే తోట రాముడు నువ్వే, ఏ దారిన పోవాలో నీ ఇష్టం. ఇంకో చిన్న సంగతి. 2004లో ఇచ్చింది ఫ్లాపీల నాటి ప్రతి. చెరసాల దాటగానే అది ఆగి, ఫలానా మంత్రానికి ఎంత శక్తి ఖర్చవుతుందని అడుగుతుంది. అప్పట్లో పెట్టెతో వచ్చిన పుస్తకంలో చూసి చెప్పాలి. ఆట కొనకుండా కాపీ కొట్టినవాళ్లను పట్టుకునే తాళం అది. ఊరికే ఇచ్చినప్పుడు కంపెనీ ఆ జవాబుల పట్టీని కూడా ఇచ్చింది. ఈ ప్రశ్న ఎదురైతే ఆట చెడిపోయిందనుకోవద్దు, పట్టీ తెరిచి చూసుకో.

ఇక డాగర్‌ఫాల్. దాని లోకం విస్తీర్ణం సుమారు 1,61,600 చదరపు కిలోమీటర్లని చెబుతారు. మన ఆంధ్రప్రదేశ్ దాదాపు 1,63,000. అంటే కణేకల్ నుంచి ఇచ్ఛాపురం దాకా ఉన్న నేలంత లోకాన్ని ఒక ఆటలో పెట్టారు. ఊళ్లు, గుళ్లు, గుహలు కలిపి 15,000 పైచిలుకు. ఇవన్నీ ఎవరూ కూర్చుని ఒక్కొక్కటీ గీసినవి కావు, చాలావరకు లెక్కలతో కంప్యూటరే అల్లినవి. అందుకే గుహల్లో దారి తప్పుతావు, ఒక్కోసారి నేల చీలినట్టు శూన్యంలోకి జారిపోతావు. అది నీ తప్పు కాదు, ఆటలో మిగిలిపోయిన దోషం. నేను 2009లో ఇది దించుకున్న రాత్రి మూడుసార్లు లైన్ తెగింది. తెల్లవారుజామున మొదటి గుహలోంచి బయటపడి, బయట మంచు కురుస్తుంటే అలా చూస్తూ ఉండిపోయాను. పదడుగులకోసారి సేవ్ చేసుకుంటూ ఆడు.

పాతరూపం కళ్లకు కష్టమనిపిస్తే ‘డాగర్‌ఫాల్ యూనిటీ’ ఉంది. అభిమానులు ఏళ్లతరబడి కూర్చుని ఆ ఆట ఇంజన్‌ను కొత్తగా రాశారు. 2023 చివరి రోజున దాని 1.0 ప్రతి విడుదలైంది. కంపెనీ పాత ఫైళ్లను ఊరికే ఇచ్చింది కాబట్టే ఈ పని నిలబడింది. ఇంజన్ కొత్తదైనా బొమ్మలు, మాటలు ఆ పాత ఫైళ్లలోంచే తీసుకుంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్. ‘ఊరికే’ అని ఏదో ఆట దించుకున్నాడు. లాభం లేకుండా ఎవరన్నా ఇస్తారా? లోపల వైరస్ ఉంటుందేమోనని భయం. ఆడనివ్వచ్చా?
- గృహిణి, కణేకల్ మండలం

జవాబు: మీ భయం న్యాయమైనదేనమ్మా. లాభం ఉంది. కొత్త భాగం అమ్ముకునేవాడికి పాత భాగం మంచి ప్రచారం. పైగా పదిహేనేళ్ల తర్వాత ఆ పాతదాన్ని కొనేవాళ్లు ఎంతమంది? ఈ లెక్కలో తప్పు లేదు, మనకూ మేలే. ఎక్కడినుంచి దించుకున్నాడో మాత్రం అడగండి. కంపెనీ సొంత వెబ్‌సైట్, లేదా స్టీమ్, జీఓజీ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణాలు అంటే సరే. ఇంకేదన్నా పేరు చెబితే తీసేయించండి.

అతను దించుకున్నది పైన చెప్పిన డాగర్‌ఫాల్ అయితే, అందులో అక్కడక్కడా నగ్న చిత్రాలున్నాయి, చిన్నపిల్లలకు వద్దు. దాని బదులు ‘అల్టిమా 4’ పెట్టమనండి. 1985లో రిచర్డ్ గారియట్ చేసిన ఆట అది. 2011 నుంచి జీఓజీలో ఉచితం. దాని పూర్తి పేరులోనే ‘అవతార్’ ఉంది, మన సంస్కృతం మాటే. చివర్లో చంపాల్సిన రాక్షసుడంటూ ఎవరూ లేరు. నిజాయితీ, కరుణ, న్యాయం, త్యాగం, వినయం వంటి ఎనిమిది గుణాల్లో నిలబడి చూపించాలి. మంత్రాలకు కావలసిన మూలికలు అమ్మే ఆమెకు కళ్లు కనబడవు. ఎంత ఇస్తున్నావో నువ్వే చెప్పి నాణేలు పెట్టాలి. తక్కువ పెట్టినా సరుకు ఇస్తుంది. కానీ ఆట లోపల నీ నిజాయితీ లెక్క తగ్గిపోతుంది, ఆ మాట నీకు చెప్పదు కూడా. ఇంగ్లిష్‌లో టైపు చేస్తూ ఆడాలి కాబట్టి భాషా వస్తుంది. మీవాడి పక్కన ఓ గంట కూర్చోండి.

ప్రశ్న: మా హైస్కూల్ ల్యాబ్‌లో ఈ ఆటలు అన్ని కంప్యూటర్లలో వేయచ్చా? తెలుగులోకి మార్చి పిల్లలకు ఇవ్వచ్చా?
- ఉపాధ్యాయుడు, రాయదుర్గం

జవాబు: మాస్టారూ, ఊరికే ఇవ్వడం వేరు, హక్కు వదులుకోవడం వేరు. అల్టిమా 4నే చూడండి. అభిమానులు తమ సైట్లలో ఏళ్లుగా పంచుతున్న కాపీలను 2011లో హక్కుదారు కంపెనీ తీయించింది. అదే ఏడాది జీఓజీలో తనే ఊరికే పెట్టింది. ఆడుకోనిస్తుంది, పంచే పని మాత్రం తన చేతిలోనే పెట్టుకుంది. కాబట్టి పెన్‌డ్రైవ్‌తో పంచకుండా ప్రతి కంప్యూటర్‌లోనూ అసలు చోటు నుంచే దించుకోండి, షరతులు చదవండి. అనువాదానికి కంపెనీ అనుమతి కావాలి. పైగా ఆ పాత ఆటల్లో ఇంగ్లిష్ అక్షరాలకు తప్ప మన ఒత్తులకు, గుణింతాలకు చోటు లేదు.

పంచుకోవడానికి, మార్చుకోవడానికి పూర్తి స్వేచ్ఛ కావాలంటే ‘నెట్‌హ్యాక్’ తీసుకోండి. 1987 నాటి ఆట, సోర్స్ కోడ్‌తో సహా అందరికీ తెరిచే ఉంది. బొమ్మలుండవు, గోడలూ దయ్యాలూ అన్నీ అక్షరాలే. కోడ్ నేర్చుకునే పిల్లలకు తెరిచి చూపించండి.

ప్రశ్న: 2003లో నేనూ నా స్నేహితుడూ కలిసి రాయదుర్గం కోట మీద తెలుగులో ఒక చిన్న కథ ఆట చేసినాం. సీడీలుగా వేసి స్కూళ్లకు అమ్మినాం, ఓ రెండొందలు పోయుంటాయి. ఇప్పుడు మా దగ్గర మిగిలింది ఒకే సీడీ. ఊరికే ఇచ్చేద్దామనుకుంటున్నాం. ఇంత పాతది, ఎవరి హక్కూ లేనట్టేనా? ఎవరికన్నా పనికొస్తుందా?
- డీటీపీ సెంటర్ యజమాని, కణేకల్

జవాబు: అయ్యా, ఈ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను. వచ్చినవాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే.

పాతబడినంత మాత్రాన హక్కు పోదు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసినవాళ్లు పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది, కంప్యూటర్ ప్రోగ్రాములకూ అంతే. కాబట్టి అది మీ ఇద్దరిదే, ఇవ్వగలిగిందీ మీరిద్దరే. ఇవ్వాల్సినవాళ్లు ఇవ్వకపోతే ఏమవుతుందో అమెరికాలో లెక్క తీశారు. 2010కి ముందు అక్కడ విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకవని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ తేల్చింది. అంత డబ్బున్న పరిశ్రమ గతే అది. తెలుగులో చేసిన ఆటల సీడీలకు లెక్క రాసినవాళ్లు కూడా లేరు.

చేయాల్సింది చెబుతాను. మొదట ఆ సీడీకి పూర్తి ప్రతి, ఐఎస్ఓ ఫైలుగా, తీయండి. ఇంట్లో రాసుకున్న సీడీ అయితే ఇరవయ్యేళ్లకు అద్దకం పొర చెడిపోవచ్చు. అనంతపురం ఎండకు ఇంకా త్వరగా. రెండు చోట్ల దాచండి. తర్వాత మీరిద్దరూ సంతకాలు పెట్టి ఒక కాగితం రాసుకోండి: ఈ ఆటను ఎవరైనా ఆడుకోవచ్చు, పంచుకోవచ్చు, మార్చుకోవచ్చు అని. బొమ్మలకు, మాటలకు క్రియేటివ్ కామన్స్, ప్రోగ్రాముకు ఎంఐటీ లైసెన్సు సరిపోతాయి. హక్కే పూర్తిగా వదులుకోవాలంటే చట్టంలోని 21వ సెక్షన్ ఉంది. 2012 సవరణ తర్వాత బహిరంగ ప్రకటనతోనూ ఆ పని చేయవచ్చు. గొంతు ఇచ్చినవాళ్లుంటే వాళ్ల అనుమతి అడగండి. సినిమా పాట ఏదన్నా వాడి ఉంటే తీసేయండి. ఆ రోజుల్లో కొన్న తెలుగు ఫాంట్‌ను ఆటతోపాటు పంచకూడదు. దాని బదులు తిరుమల కృష్ణ దేశికాచారి గారు ఊరికే ఇచ్చిన పోతన వంటి యూనికోడ్ ఫాంట్ పెట్టండి. సోర్స్ ఫైళ్లు దొరికితే అవీ చేర్చండి. సీడీలో లేనిది వాటిలో ఉంటుంది.

చివరగా ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో పెట్టండి, మీ సొంత సైట్‌లో మాత్రమే పెట్టకండి. 1947 జూలైలో మొదలైన ‘చందమామ’ పాత సంచికలు ఒకప్పుడు ఆ పత్రిక వెబ్‌సైట్‌లో ఊరికే చదువుకునేవాళ్లం. పత్రికను 2007లో కొన్న కంపెనీ మునిగింది, పత్రిక ఆగింది, ఆ సైటూ పోయింది. ఈరోజు మనం అందులోని బేతాళ కథలు తెరిచి చదువుతున్నామంటే, సైటు బతికుండగానే ప్రతులు దించి దాచిన పాఠకుల పుణ్యం.

ఆ రెండొందల సీడీలతో ఎందరో స్కూలు పిల్లలు ఆ ఆట ఆడి ఉంటారు. వాళ్లకిప్పుడు ముప్పై ఏళ్లు దాటి ఉంటాయి, వాళ్ల పిల్లలు బడికి పోతుంటారు. ఈ ఆదివారం షాపు మూసేముందు ఆ సీడీ ప్రతి తీయండి. మీ లాంటి సీడీలు ఉన్న పాఠకులు ఇంకెవరున్నా, పాత కంప్యూటర్ తూకానికి వేసేముందు ఒక ఉత్తరం ముక్క రాయండి.