మీగర్ అంటే అరకొర



స్కాలర్‌షిప్ దరఖాస్తులో మనందరికీ అవసరమయ్యే ఇంగ్లీషు విశేషణం 'మీగర్'. ఉండవలసినంత లేదని దాని అర్థం. మన 'అరకొర' దానికి సరిగ్గా సరిపోతుంది. 'బక్క' అనే అర్థం గల లాటిన్ మాట ఫ్రెంచి మీదుగా ఇలా మారింది. మొదట మనిషి ఒంటికి వాడిన మాటను తర్వాత జీతానికి, తిండికి, పంటకు వాడారు.

'స్మాల్' కొలత మాత్రమే చెబుతుంది. ఒంటరి మనిషికి స్మాల్ ఇన్‌కమ్ చాలవచ్చు, మీగర్ ఇన్‌కమ్ ఎవరికీ చాలదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తీరంలో మరపడవల వేట నిషేధం కదా, అప్పుడు మన ఇళ్లలో రాబడి మీగర్.

దీని పక్కనే 'పాల్ట్రీ' ఉంది. డిక్షనరీలో రెండింటికీ 'స్వల్పమైన' అని చూసి, డిగ్రీలో ఉండగా మేము మా నాన్న సంపాదనను 'పాల్ట్రీ ఇన్‌కమ్' అని రాశాము. ఎవరూ దిద్దలేదు. పీజీలోకి వచ్చాకే తెలిసింది, అందులో ఈసడింపు ఉందని. 'ముష్టి వంద రూపాయలు' అంటామే, అలాంటిది. ఇవ్వవలసిన వారు ఎంతోకొంత ఇచ్చి చేతులు దులుపుకుంటే ఆ సొమ్మును పాల్ట్రీ అనవచ్చు. తెల్లవారుజామున వేటకు పోయి నాన్న తెచ్చినదాన్ని మేము అలా అన్నాము!

మీగర్ స్పెల్లింగు చివర 'ఆర్ఇ' బ్రిటిష్ పద్ధతి, 'ఇఆర్' అమెరికా పద్ధతి. పరీక్షల్లో మొదటిదే రాయండి. అన్నట్టు, మధ్యధరా సముద్రంలో మీగర్ అనే చేప ఉంది. అది మాత్రం రెండు మీటర్ల దాకా పెరుగుతుంది.