చెంబులో మాటలు

విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు దగ్గర ఒక వీధి. సాయంత్రం ఆడవాళ్లంతా అరుగు మీద చేరారు. ఈ మధ్యనే చదువు నేర్చినవారు. శనగల పొట్లం విప్పారు. ఆ కాగితం పాత పేపరు ముక్క. దాని మీద మూడు వార్తలున్నాయి.

రేవుకు బోటు వచ్చింది.
చేపల ధర పెరిగింది.
రాత్రి నీరు రాలేదు.

తొమ్మిది మాటలనూ విడివిడిగా కత్తిరించారు. చెంబులో వేసి కలిపారు. చూడకుండా ఒక్కొక్కటీ తీసి, మూడేసి చొప్పున పేర్చారు.

ధర రేవుకు వచ్చింది.

అందరూ నవ్వారు.

నీరు చేపల పెరిగింది.

"ఏటి వదినా, దీనికి అర్థమే లేదు!" అంది ఒకామె.

"ఉండవే, ఇంకా మూడున్నాయి" అంది వదిన.

రాత్రి బోటు రాలేదు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. చేపల గంప పక్కన పెట్టుకున్న వదిన పలక అందుకుంది. కూడబలుక్కుంటూ కింద రాసింది: "నేను దీపం ఆర్పలేదు. తెల్లారి వచ్చింది."

అంతకుముందు ఆమె పుస్తకంలో వాక్యాలు చూసి రాసేది. సొంతంగా రాయడం అదే మొదలు.

ఇది కవులు ఆడిన ఆట

1914 నుంచి 1918 దాకా ప్రపంచ యుద్ధం జరిగింది. లక్షల మంది చనిపోయారు. యుద్ధాన్ని పొగిడే పెద్ద పెద్ద మాటలంటే కొందరు కవులకు రోత పుట్టింది. 1916లో వారు స్విట్జర్లాండులోని జూరిక్ నగరంలో చేరారు. తమ పద్ధతికి "డాడా" అని పేరు పెట్టుకున్నారు. వారిలో ట్రిస్టన్ జారా ఒకరు. ఆయన రుమేనియాలో పుట్టారు. 1920లో ఆయన ఒక ఉపాయం చెప్పారు. పేపరులో ఒక వార్తను మాటలుగా కత్తిరించాలి. సంచిలో వేసి కుదపాలి. వచ్చిన వరసలో రాయాలి. అదే కవిత!

తరవాత పారిస్‌లో సర్రియలిస్టు కవులు ఇంకో ఆట ఆడారు. ముందువారు రాసింది కనపడకుండా కాగితం మడిచి, తలా ఒక మాట రాసేవారు. మన మహాకవి శ్రీశ్రీ 1910లో విశాఖపట్నంలోనే పుట్టారు. ఆయన సర్రియలిస్టులను చదివారు. వారి సంగతి తెలుగువారికి చెప్పారు.

చెంబుకు ఏం తెలుసు?

చెంబుకు చదువు రాదు. గవ్వలు పడ్డట్టు మాటలు పడతాయి, అంతే. ఏది వదిలేయాలో, ఏది ఉంచాలో చదివే మనిషే చెప్పాలి. "రాత్రి బోటు రాలేదు" అన్నది చెంబు కూర్చింది. అందులో బాధను గుర్తుపట్టింది వదిన.

ఒక జాగ్రత్త. ఈ ఆట కవితకే. బ్యాంకు కాగితంలో, అప్పు పత్రంలో ఒక్క మాట మారినా నష్టం. అక్కడ వరసగా, పూర్తిగా చదివాకే సంతకం పెట్టాలి.

చేసి చూడండి
1. పొట్లం కాగితం నుంచి తొమ్మిది మాటలు కత్తిరించండి. కలిపి తీయండి.
2. వచ్చిన వాక్యాల్లో మీ మనసుకు తగిలింది ఏది?
3. దాని కింద మీ సొంత మాట ఒకటి రాయండి. పక్కవారికి చదివి వినిపించండి.