సరస్సులో బాస్ చేపల ఫ్లై ఫిషింగ్: నీటి స్వభావం, వేటగాని బాధ్యత

ఉపోద్ఘాతం

సాధారణ గాలపు వేటలో ఎర బరువే దారాన్ని ముందుకు తీసుకుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో బరువు దారంలోనే ఉంటుంది. ఈకలు, వెంట్రుకలు చుట్టి పురుగులా మలచిన కొక్కెం బరువు నామమాత్రమే. ఏటిలోని ట్రౌట్ వేటతో ప్రసిద్ధి చెందిన ఈ పద్ధతి, ఉత్తర అమెరికా సరస్సులలో లార్జ్‌మౌత్ బాస్, బ్లూగిల్ చేపల వేటకూ విస్తరించింది. ఇందులో చేతి నేర్పు ఎంత అవసరమో, సరస్సు స్వభావాన్ని గ్రహించడమూ అంతే అవసరం. చేపను ఎప్పుడు పట్టాలో తెలిపే ఆ జ్ఞానమే, ఎప్పుడు పట్టరాదో కూడా తెలుపుతుంది.

నీటి పొరలు

వేసవిలో లోతైన సరస్సు నీరు పొరలుగా విడిపోతుంది. పైన వెచ్చని తేలిక నీరు, అడుగున చల్లని బరువైన నీరు, నడుమ ఉష్ణోగ్రత వేగంగా తగ్గే థర్మోక్లైన్ ఏర్పడతాయి. సేంద్రియ పదార్థం అధికంగా గల సరస్సులలో అది కుళ్ళడం వల్ల అడుగు పొరలో ఆక్సిజన్ క్షీణిస్తుంది. పై నీటితో కలయిక లేనందున ఆ లోటు భర్తీ కాదు. కనుక అటువంటి సరస్సులో, చల్లదనం కోసం చేప అడుగుకు చేరి ఉంటుందని ఎరను అక్కడికి దించడం వృథా ప్రయాస. ఉదయ సాయంత్రాలలో బాస్ తరచుగా ఒడ్డు దగ్గరి నీటి మొక్కలు, మునిగిన మొద్దుల చాటున పొంచి చిన్న చేపలను, కప్పలను వేటాడుతుంది.

ఎర, పరికరాలు

బాస్ వేటకు సాధారణంగా 7 లేదా 8 నంబరు గాలపు కర్ర, తేలే దారం, బెండుతో చేసిన పాపర్ ఎర వాడతారు. ఎరను మొక్కల అంచున వేసి, అలలు సద్దుమణిగాక దారాన్ని చిన్నగా గుంజితే అది నీటిపై టప్పున చప్పుడు చేస్తుంది. బ్లూగిల్ నోరు చిన్నది. దానికి చిన్న కొక్కెం, 4 లేదా 5 నంబరు కర్ర చాలు.

గూటి కాలం

వసంతంలో నీరు సుమారు 16 నుండి 20 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కినప్పుడు మగ బాస్ లోతు తక్కువ చోట తోకతో అడుగును ఊడ్చి గూడు చేస్తుంది. గుడ్లకు, పిల్లలకు అదే కాపలా. అప్పుడది ఆకలితో కాక, గూటి రక్షణకై ఎరపై దూకుతుంది, సులభంగా చిక్కుతుంది. కొద్ది నిమిషాలు కాపలా తప్పినా బ్లూగిల్ వంటి చేపలు గుడ్లను తినివేయగలవు. కాబట్టి పట్టి విడిచిపెట్టినంత మాత్రాన నష్టం తప్పదు. గూటి మీది చేపను వదలివేయడమే ఉత్తమం.

ఆవాసం మారితే

1925లో బాస్‌ను అమెరికా నుండి జపాన్‌లోని ఆషి సరస్సుకు తీసుకువచ్చారు. కాలక్రమంలో అది బివా సరస్సుకూ వ్యాపించింది. 2009లో బివాలో చిక్కిన సుమారు 10.1 కిలోల బాస్, 1932 నాటి జార్జియా ప్రపంచ రికార్డుతో సమానమైంది. వేటగానికి అది ఘనతే; కాని స్థానిక చేపలను కబళించే ఈ జాతి ఆ సరస్సుకు ముప్పు. అందువల్లనే షిగా ప్రాంతంలో పట్టిన బాస్‌ను, బ్లూగిల్‌ను తిరిగి నీటిలో విడవడాన్ని 2003 నుండి నిషేధించారు. పుట్టిన సరస్సులో సత్ప్రవర్తన అయిన పని అక్కడ నేరమైంది.

ముగింపు

వేట నియమాలు చేపను బట్టి మాత్రమే కాక, నీటిని బట్టి, కాలాన్ని బట్టి నిర్ణయం కావాలి. మన చెరువులలో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ కూడా ఇదే పాఠం నేర్పింది. కొత్త జాతిని సిఫారసు చేసే ముందు, అది ఎంత పెరుగుతుందన్న ప్రశ్న కంటే దేనిని తిని పెరుగుతుందన్న ప్రశ్నను విస్తరణ శాస్త్రవేత్తలు ముందుగా వేసుకోవాలి.