తాళంచెవి తిరగనంటే

ఈ సంచికకి కవిత గానీ కథ గానీ ఇవ్వమని క్లబ్ వాళ్లు అడిగారు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం చదివినవాడిని, కవిత నా వల్ల కాదు. కానీ పోయిన సంక్రాంతి సెలవుల్లో కొల్లేరు మధ్యలో ఒక తాళంచెవి నాకు మంచి పాఠం చెప్పింది. అదే రాస్తున్నా. ఇది కారు ఉన్నవాళ్లకే కాదు, హ్యాండిల్ లాక్ వేసే బండి ఉన్న ప్రతి ఒక్కరికీ పనికొస్తుంది.

కైకలూరులో మామయ్య వాళ్లింటికి పొద్దున వెళ్లి, సాయంత్రం తాతయ్యని ఎక్కించుకుని ఏలూరు బయల్దేరాను. కారు మామయ్య చాలా ఏళ్లు వాడి మాకిచ్చిన పాతది. దారిలో గూడబాతుల గుంపు కనిపిస్తే తాతయ్య "కాసేపు ఆపరా" అన్నాడు. రోడ్డు అంచు పల్లంగా ఉంది. ముందు చక్రాన్ని ఒక రాయికి ఆనించి, ఇంజన్ ఆపి, చెవి తీసుకుని దిగాను. పావుగంట తర్వాత వచ్చి చెవి పెడితే లోపలికి వెళ్లింది గానీ తిరగలేదు.

అప్పటికే చీకటి పడుతోంది. తాతయ్యకి రాత్రి భోజనం ముందు ఇన్సులిన్ పడాలి. ఆ మందేమో ఏలూరులో ఫ్రిజ్‌లో ఉంది. నేను గట్టిగా తిప్పాను. ఇంకా గట్టిగా తిప్పాను. మూడోసారి చెవి మెడ దగ్గర కాస్త మెలి తిరిగినట్టు వేలికి తెలిసింది. ఒళ్లు చల్లబడింది. ఎందుకంటే రెండో చెవి మామయ్య చెరువులో పడేసుకుని రెండేళ్లయింది. ఇది కూడా విరిగి సగం లోపల ఉండిపోతే ఇక అంతే.

"బలం పడితే వచ్చేది కాదురా అది. అడిగి తెలుసుకో" అన్నాడు తాతయ్య.

ఏలూరులో మాకు తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేశాను. "బాబాయ్, తాళం తిరగట్లేదు" అన్నాను.

"తాళం అంటే ఏది బాబూ? చెవి తిరగట్లేదా, స్టీరింగ్ తిరగట్లేదా?"

మనం చెవినీ తాళం అంటాం, తాళాన్నీ తాళం అంటాం. నేను కోడింగ్‌లో రెండు వేరియబుల్స్‌కి ఒకే పేరు ఎప్పుడూ పెట్టను. కంగారులో అదే పని చేశాను. స్టీరింగ్ పట్టుకుని చూస్తే అది కూడా బిగుసుకుపోయి ఉంది.

"రెండూ తిరగట్లేదు బాబాయ్."

"అయితే భయం లేదు. ఒక చేత్తో స్టీరింగ్ అటూ ఇటూ లాగి చూడు. ఒకవైపు రాయిలా ఉంటది, ఒకవైపు కొంచెం ఇస్తది. ఇచ్చే వైపుకి లాగి పట్టుకుని, రెండో చేత్తో చెవి మెల్లగా తిప్పు. మెల్లగా!"

లాగి పట్టుకున్నాను. టక్ మని శబ్దం వచ్చి చెవి వెన్నలో తిరిగినట్టు తిరిగింది. ఎనిమిది దాటకముందే ఇంట్లో ఉన్నాం.

అసలు లోపల ఏం జరిగింది?

చెవి తీసి స్టీరింగ్ కాస్త కదిపితే, లోపలి నుంచి ఒక ఇనప మేకు లాంటిది వచ్చి స్టీరింగ్ కడ్డీకి ఉన్న గాడిలో పడుతుంది. కారు దొంగతనాలు ఆపడానికి పెట్టిన ఏర్పాటు ఇది. అమెరికాలో 1970 నుంచి కొత్త కార్లలో చెవి తీస్తే స్టీరింగో, కారు ముందుకు కదలడమో ఆగిపోవాలని నిబంధన ఉంది. చెవి తిప్పినప్పుడు ఆ మేకు గాడిలోంచి వెనక్కి రావాలి. నా చక్రం రాయికి నొక్కుకుని ఉంది కాబట్టి ఆ బరువంతా స్టీరింగ్ కడ్డీ మీదుగా మేకు మీద పడింది. గడియ మీద తలుపు బరువు పడితే గడియ రాదు కదా, అలాగే. తలుపు కాస్త లాగితే గడియ దానంతటదే వస్తుంది. బండి హ్యాండిల్ లాక్ రాకపోయినా ఇదే మందు: హ్యాండిల్ కొంచెం కదుపుతూ చెవి తిప్పడం.

ఇది ఒక కారణం మాత్రమే. చెవి దూరే గొట్టంలో సన్నటి ఇత్తడి పలకలు వరసగా ఉంటాయి, ఒక్కోదాని కింద ఒక్కో చిన్న స్ప్రింగు. చెవి మీది గాట్లు ఒక్కో పలకని ఒక్కో ఎత్తుకి జరుపుతాయి. అన్నీ సరిగ్గా వరసలోకి వస్తేనే గొట్టం తిరుగుతుంది. ఒక్క పలక కొంచెం పైకో కిందకో ఉన్నా అడ్డం పడుతుంది. మన భాషలో చెప్పాలంటే అది యాండ్ గేట్. ఒక్క ఇన్‌పుట్ జీరో అయినా అవుట్‌పుట్ జీరోనే. మనం ఎంత బలంగా తిప్పినా ఆ జీరో ఒకటి అవదు. చెవి మాత్రం విరుగుతుంది.

అందుకే వరసగా చూసుకోవాల్సినవి ఇవి. ఒకసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే ఏది పని చేసిందో తెలీదు.

1. అది ఆ కారు చెవేనా? నవ్వకండి. ఒకే గుత్తిలో రెండు ఉంటే జరిగేదే.

2. స్టీరింగ్ బిగుసుకుందా? బిగుసుకుంటే పైన చెప్పిన చిట్కా.

3. చెవి పూర్తిగా లోపలికి వెళ్లిందా? వెళ్లకపోతే లోపల చెత్త ఉండొచ్చు. వెళ్లినా తిరగకపోతే వెంట్రుక మందం బయటికి లాగి మెల్లగా తిప్పి చూడండి. అరిగిన చెవి ఒక్కోసారి అక్కడే పలకలకి సరిపోతుంది.

4. డూప్లికేట్ చెవి తిరుగుతోందా? తిరిగితే తప్పు చెవిది. అది కూడా తిరగకపోతే తప్పు బహుశా తాళానిది.

5. ఆటోమేటిక్ కారు అయితే గేర్ పీ మీద ఉందా? లేకపోతే చెవి వెనక్కి పూర్తిగా తిరగదు, బయటికి రాదు.

6. చెవి తిరుగుతోంది గానీ ఇంజన్ రావట్లేదా? అది వేరే జబ్బు. బ్యాటరీ, స్టార్టర్, చెవిలోని చిప్ చూడాలి. గాట్లు మాత్రమే కోయించిన చెవి చిప్ ఉండే కారులో తిరుగుతుంది, ఇంజన్ మాత్రం స్టార్ట్ అవ్వదు.

తర్వాత రోజు కారు బాబాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన తాళం విప్పి చూపిస్తే లోపల గోధుమ రంగు ముద్ద. తవుడు! చేపల మేత కలిపిన చేత్తోనే మామయ్య చెవి పట్టుకునేవాడు. తాళం బిగిసినప్పుడల్లా మన ఇళ్లలో చేసినట్టే రెండు చుక్కలు కొబ్బరినూనె వేసేవాడు. నూనెకి తవుడు, చెరువు గట్ల దుమ్ము అంటుకుని పలకలు కదలకుండా అయ్యాయి. కొబ్బరినూనె, ఇంజన్ ఆయిల్, గ్రీజు ఏదీ తాళంలో వేయకూడదట. గ్రాఫైట్ పొడి కొంచెం చాలు, అది పొడిగా ఉండే జారుడు. పెన్సిల్ ములుకులో ఉండేది ఇదే.

ఇంకో మాట కూడా చెప్పాడు. అరిగిపోయిన చెవిని చూసి డూప్లికేట్ కోయిస్తే ఆ అరుగుదల కూడా కాపీ అవుతుంది. బగ్ ఉన్న కోడ్‌ని కాపీ పేస్ట్ చేసినట్టే. కొత్త కారుతో చెవులకి కట్టి ఒక చిన్న నంబర్ బిళ్ల ఇస్తారు చాలా కంపెనీలు. ఆ నంబర్‌తో కోయిస్తే అసలు కొలతలతో వస్తుంది. ఆ బిళ్ల గుత్తికి ఉంచకుండా ఇంట్లో దాచండి.

గుత్తి బరువు గురించి కూడా చెప్పాలి. నా కథలో చెవి తిరగలేదు, అమెరికాలో దానికి పూర్తి రివర్స్ జరిగింది. 2014లో జనరల్ మోటార్స్ లక్షల కార్లని వెనక్కి పిలిచింది. వాటి ఇగ్నిషన్ స్విచ్ మరీ వదులు. గుత్తి బరువుకో, మోకాలు తగిలో చెవి దానంతటదే వెనక్కి జారి, నడుస్తున్న కారులో ఇంజన్ ఆగిపోయేది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. ఆ లోపం వల్ల 124 మంది చనిపోయారని ఆ కంపెనీ పెట్టిన పరిహార నిధే ఒప్పుకుంది. అంటే ఆ చిన్న బిగువు మన ప్రాణానికి కాపలా. అందుకే కారు కదులుతుండగా చెవి వెనక్కి తిప్పకండి, అస్సలు తీయకండి. స్టీరింగ్ లాక్ పడితే కారుని మలుపు తిప్పలేం.

ఆ రోజు నేను తాళం చెడిపోయిందనుకున్నాను. నిజానికి అది తన పని తాను సరిగ్గా చేస్తోంది. దేనికోసం ఆగిందో నేనే అడగలేదు. ఇప్పుడు ల్యాబ్‌లో ప్రోగ్రామ్ ఆగిపోయినా రన్ బటన్ పదిసార్లు నొక్కడం మానేశాను. ఎర్రర్ మెసేజ్ మొదటి లైన్ చదువుతున్నాను.

మెలి తిరిగిన ఆ చెవి ఇప్పుడు మా గూడెం హాస్టల్ రూమ్‌లో, నా టేబుల్ మీద ఉంది. కొత్తవి రెండు కోయించాం, ఒకటి తాతయ్య దగ్గర ఉంటుంది. ఇన్సులిన్ కూడా ఇప్పుడు ఐస్ ప్యాక్ ఉన్న చిన్న డబ్బాలో మాతోనే వస్తుంది. ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "నాన్నా, మన బండి రెండో తాళంచెవి ఎక్కడుంది?"