అర్బుదమా? విద్రధియా?

కఫమేదస్సుల ఆధిక్యముచే అర్బుదము పక్వము కాదని సుశ్రుతుడు చెప్పెను. విద్రధి పక్వమై చీము పట్టును. గురుకులమున మేము కంఠస్థము చేసిన భేదమిది. కాని గడ్డ ఊపిరితిత్తిలోనో, ప్లీహములోనో ఉన్నప్పుడు చేతితో తాకి తెలిసికొనుటెట్లు?

మెలియాయిడోసిస్ అను వ్యాధి ఇట్టిదే. 1912లో రంగూనునుండి విట్మోర్, కృష్ణస్వామి అను వైద్యులు దీనిని వర్ణించిరి. దీని సూక్ష్మజీవి తడినేలలో, నిలువనీటిలో బ్రదుకును. గాయముగుండ, శ్వాసగుండ దేహమున చేరును. గుడివాడ, దివిసీమ ప్రాంతములలో ఊడ్పులకు దిగువారు, అందును మధుమేహము గలవారు, దీని పేరెరిగి యుండవలెను. జ్వరము, దగ్గు, చిక్కిపోవుట, ఎక్స్‌రేలో గడ్డ చూచి క్యాన్సరనియో, క్షయయనియో భ్రమపడుట కలదు. క్షయమందులకు ఇది లొంగదు, ఆలస్యమైన ప్రాణాపాయము.

మచిలీపట్నం చుట్టుప్రక్కలనుండి ఇట్టి రోగి వచ్చినచో నేను కషాయము వ్రాయను, ఆసుపత్రికి పంపెదను. గడ్డనుండి తీసిన ముక్కనంతయు ఫార్మలినులో వేయించక, కొంత కల్చరు పరీక్షకు పంపుమని అడుగుడని చెప్పెదను. ఫార్మలినులో సూక్ష్మజీవి చచ్చును, ఇక కల్చరులో ఏమి తెలియును? రక్తము, చీము కూడ పరీక్షింపవలెను. వ్యాధి నిర్ధారణయైనచో కనీసము 10-14 దినములు సూదిమందు, పిదప 3 నెలలు మాత్రలు. జ్వరము తగ్గినదని నడుమ మానినచో తిరగబెట్టును.

బూట్లు తొడిగి ఊడ్పునకు దిగువారు మనలో ఎందరు! కాలిపుండు మానువరకైనను బురదలో దిగకుడు.