మాటలు ఎలా వస్తాయంటే

నా ఉద్యోగమంతా శ్రీకాకుళం ఏజెన్సీలో, చిన్న తరగతుల పిల్లల మధ్యే గడిచింది. కొత్తగా బడిలో చేరిన టీచర్లూ, మా వీధి కోడళ్లూ పిల్లలకు మాటలు ఎలా నేర్పాలని నన్ను అడుగుతుంటారు. నాకు తెలిసింది వరసగా రాస్తున్నాను.

1. ఊయలలో బిడ్డకు ఏం అర్థమవుతుందిలే అని మాట్లాడకుండా ఉండకండి. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు ఇంగ్లీషు ఇళ్ల పసివాళ్లకు హిందీలోని త, ట లాంటి ధ్వనులు వినిపించారు. ఆరేడు నెలల పిల్లలు ఆ తేడా పట్టుకున్నారు. ఏడాది దగ్గరపడేసరికి చాలామంది పట్టుకోలేకపోయారు. తన ఇంట్లో వినపడని తేడాను చెవి అంత తొందరగా వదిలేస్తుంది. అందుకే నీళ్లు పోస్తూ, బువ్వ పెడుతూ, చేసే పనే చెబుతూ ఉండండి. బిడ్డ ఉంగా అంటే మీరూ ఉంగా అనండి. అని కాసేపు ఆగండి, మళ్లీ బిడ్డ వంతు.

2. మూడేళ్ల పిల్ల "రెండు ఇల్లులు" అంటుంది. ఇంట్లో ఎవరూ అనని మాట దానికి ఎక్కడిది? బొమ్మలు, ఆవులు, పువ్వులు అని వింటూ, ఒకటి కంటే ఎక్కువైతే చివర 'లు' చేర్చాలని తనే తేల్చుకుంది. తేల్చుకున్న సూత్రాన్ని ఇల్లుకూ కాలుకూ కూడా వాడేసింది. అప్పజెప్పేవాళ్లు ఇలా పొరపడరు, ఆలోచించేవాళ్లే పొరపడతారు. 1958లో అమెరికాలో జీన్ బెర్కో ఒక వింత బొమ్మ గీసి, దానికి 'వగ్' అని లేని పేరు పెట్టి, రెండుంటే ఏమంటారని చిన్నపిల్లల్ని అడిగారు. ఎన్నడూ వినని ఆ మాటకు నాలుగైదేళ్ల వాళ్లలో ఎక్కువమంది బహువచనం సరిగ్గానే చెప్పారు. మన పిల్లలు చేసేదీ అదే పని.

'మనం', 'మేము' సంగతీ చూడండి. వినేవాణ్ణి కలుపుకుంటే ఒకటి, కలుపుకోకపోతే ఇంకొకటి. ఏ తల్లీ కూర్చోబెట్టి ఇది చెప్పదు. అయినా బడికొచ్చే నాటికి పిల్లలకు అది వచ్చేసి ఉంటుంది. నాకు ఇప్పటికీ ఇది ఆశ్చర్యమే.

కాబట్టి 'ఇల్లులు' అన్న పిల్లను చుట్టాల ముందు మళ్లీ మళ్లీ అనిపించి నవ్వకండి. "అవునమ్మా, రెండు ఇళ్లున్నాయి, ఏది పెద్దది?" అని మాట సాగించండి. సరైన రూపం దాని చెవిన పడింది, అంతే చాలు.

3. ఫోన్లో పాటలు పెట్టి ఇచ్చేస్తే మాటలొస్తాయనుకోవడం భ్రమ. అమెరికాలో పెట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల పిల్లలకు చైనా వారి మాండరిన్ వినిపించి, ఫలితాలు 2003లో ప్రచురించింది. ఎదుట కూర్చుని ఆడించిన మనిషి దగ్గర పిల్లలు ఆ ధ్వనులు నేర్చుకున్నారు. అదే మాట వీడియోలో చూసినవాళ్లకు అంటలేదు. మనవలు విదేశాల్లో ఉన్న తాతలు, అమ్మమ్మలు బెంగపడక్కర్లేదు. వీడియో కాల్‌లో బిడ్డ చూపించినదాని గురించే అడిగి, జవాబు కోసం ఆగితే అది నిజమైన సంభాషణే.

4. "మేనమామ పోలిక, వాడికీ మాటలు ఆలస్యమే" అని ఊరుకోవద్దు. ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా డాక్టరుకు చూపించి చెవులు పరీక్ష చేయించండి. వినపడని పిల్లలు కూడా మొదటి నెలల్లో ఉంగా అంటారు. ఇంట్లోవాళ్లు మోసపోయేది అక్కడే.

5. బడిలో నోరు విప్పని సవర పిల్లను మొద్దు అనే హక్కు ఎవరికీ లేదు. ఆ పిల్ల దగ్గర భాష నిండుగా ఉంది, మన దగ్గరే వినే చెవి లేదు. సవర తెలుగుకు చుట్టం కూడా కాదు, ముండా కుటుంబపు భాష. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక తెలుగు కోసం పోరాడారని అందరికీ తెలుసు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన సవర నేర్చుకుని, ఆ భాషలో పాఠాలు రాసి, సొంత డబ్బుతో బడి పెట్టించిన సంగతి అంతగా తెలియదు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి.

నా తరగతిలో కథ ముందు సవరలో నడిచేది. పెద్ద తరగతి అమ్మాయి ఎవరైనా వచ్చి చెప్పేది. తర్వాత అదే కథ నేను తెలుగులో చెప్పేదాన్ని. కథ అప్పటికే తెలుసు కనుక, కొత్త మాటకు అర్థం పిల్లలే పట్టుకునేవారు. జవాబులో సగం సవర, సగం తెలుగు కలిసినా అడ్డుపడేదాన్ని కాదు. రెండు భాషల పిల్లలు అలాగే మాట్లాడతారు. అడగాల్సింది ఒక్కటే: "తర్వాత ఏమైంది?"